ఎంబీబీఎస్ రాలేదు, ఆయుష్ సీటు వస్తుందంటున్నారు. ఈ డిగ్రీకి విలువ ఉందా?

కూకట్‌పల్లి_అమ్మ
మా పాప నీట్ రాయడం ఇది రెండోసారి. ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాకు మార్కులు చాలవు, మేనేజ్‌మెంట్ కోటా మా వల్ల కాదు. ఆయుష్ కోర్సుల్లో బీఏఎంఎస్సో (ఆయుర్వేదం) బీహెచ్‌ఎంఎస్సో (హోమియో) ఎక్కడో ఒకచోట వచ్చేలా ఉంది. ఒక కన్సల్టెంట్ రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు. పక్క రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీ, ఏడాదికి మూడు లక్షలు. "హాజరు గురించి టెన్షన్ పడకండమ్మా, పరీక్షలకు వస్తే చాలు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పరీక్షలకు మాత్రమే వెళ్ళి డాక్టరైన మనిషి దగ్గరికి నేను నా బిడ్డను తీసుకెళ్తానా? మా ఆయన "పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది కదా, చేర్చెయ్" అంటున్నారు. మా అత్తగారైతే అప్పుడే పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళిపోయారు. ఐదున్నరేళ్ళు చదివాక ఈ డిగ్రీతో పిల్ల తన కాళ్ళ మీద నిలబడుతుందా? చదివినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

మియాపూర్_బాబాయ్
కళ్ళు మూసుకుని చేర్చండి. కరోనా తర్వాత ఆయుర్వేదానికి గిరాకీ పెరిగింది. మా అపార్ట్‌మెంట్ ఎదురుగానే రెండు పంచకర్మ సెంటర్లు వెలిశాయి.

శల్యం_చదివినవాడు
బాబాయ్ గారూ, ఆ రెండు సెంటర్లలో లోపల డాక్టర్ ఉన్నారో లేదో ఒకసారి అడిగి చూడండి. చాలాచోట్ల బోర్డు మీద ఒకరి పేరు ఉంటుంది, ఆ మనిషి వారానికి ఒక పూట కూడా రారు.

అమ్మా, నేను బీఏఎంఎస్, ఆ తర్వాత శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్సలో ఎం.ఎస్. చేశాను. తీరిగ్గా రాస్తాను. ముందు పాపకు ఏం ఇష్టమో చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఆయుర్వేదం సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. హోమియో గురించి మాత్రం నాకు వచ్చిన లెక్క చెబుతాను. ఒక చుక్క మందును 99 చుక్కల ఆల్కహాల్లో కలిపితే అది 1సి. అందులోంచి ఒక చుక్క తీసి మళ్ళీ 99 చుక్కల్లో కలిపితే 2సి. ఇలా ముప్పై సార్లు చేస్తే మనం షాపులో కొనే 30సి. అంటే 1 పక్కన 60 సున్నాలు పెడితే ఎంతో, అన్ని వంతుల్లో ఒక వంతు. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువులు 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేటన్ని. 12సి దాటాక మొదటి పదార్థం అణువు ఒక్కటైనా సీసాలో మిగలడం కష్టం. హానిమన్ 1796లో మొదలుపెట్టినప్పుడు ఈ సంఖ్య ఎవరికీ తెలియదు, ఆయన్ను నేను తప్పు పట్టను. ఇంటర్ కెమిస్ట్రీలో మోల్ కాన్సెప్ట్ రాసి, నీట్‌లో దాని మీద మార్కులు తెచ్చుకుని, మర్నాడు కాలేజీలో చేరి అది పక్కన పెట్టమంటే ఆ పిల్ల బుర్రకు ఎంత కష్టం? 2015లో ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధన మండలి అప్పటికున్న పరిశోధనల సమీక్షలను తిరగేసి, హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఏ జబ్బుకూ దొరకలేదని చెప్పింది.

రామంతాపూర్_పిన్ని
మాస్టారూ, మా బాబుకు చిన్నప్పుడు టాన్సిల్స్ హోమియోతోనే తగ్గాయి. మీ సున్నాలు మాకెందుకు?

లెక్కల_మాస్టారు
పిన్ని గారూ, బాబుకు తగ్గినందుకు సంతోషం. టాన్సిల్స్ చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ వాటంతటవే తగ్గుతాయి. మందు వల్లే తగ్గిందో, వయసుతో తగ్గిందో ఒక్క పిల్లాణ్ణి చూసి చెప్పలేం. నేను అంటున్నది అంతే.

రాత్రి_డ్యూటీ
నేను బీహెచ్‌ఎంఎస్. మాస్టారి లెక్కతో నేను పోట్లాడను, మొదటి సంవత్సరంలో నాకూ అదే సందేహం వచ్చింది. చదువు పూర్తయ్యాక ఏమవుతుందో ఒక్కటి చెబుతాను, ఆ అమ్మకు అది అవసరం.

సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టర్‌గా చేశాను. జీతం పద్దెనిమిది వేలు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ముప్పై బెడ్లకు నేనొక్కడినే. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి ఒక పెద్దాయనకు ఆయాసం మొదలైంది. చెమటలు, పెదాలు నల్లబడుతున్నాయి. ఈసీజీ తీశాం. కన్సల్టెంట్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. పక్కన నిలబడ్డ నర్సక్కకు ఇరవై ఏళ్ళ అనుభవం, "సార్, లాసిక్స్ ఇద్దామా?" అని నా మొహం చూసింది. అది ఒంట్లో నీరు లాగేసే ఇంగ్లిష్ మందు, ఇవ్వమని చెప్పే హక్కు నాకు లేదు. ఇవ్వకపోతే మనిషి పోతాడు. ఆమే ఇచ్చింది, ఆయన బతికాడు. పొద్దున కేస్ షీట్ మీద కన్సల్టెంట్ సంతకం పెట్టుకున్నాడు, నా పేరు ఎక్కడా లేదు. బెడ్ పక్కన ఆయన కూతురు నా చేతులు పట్టుకుని "మీరే దేవుడు డాక్టర్ గారూ" అంటుంటే ఏం చెప్పాలో తెలియలేదు. నేను ఐదున్నరేళ్ళు చదివింది ఒకటి, అక్కడ చేస్తున్నది ఇంకొకటి. ఆ నెలాఖరుకు మానేశాను.

కోర్టు_మెట్లు
రాత్రి_డ్యూటీ గారు మానేసి మంచిపని చేశారు. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇదే విషయం మీద. హోమియో డిప్లొమా ఉన్న డాక్టరు జ్వరంతో వచ్చిన మనిషికి ఇంగ్లిష్ మందులు ఇచ్చాడు. మనిషి పోయాడు. తను చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదని కోర్టు తేల్చి, 3 లక్షల పరిహారం ఇప్పించింది. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆయుష్ డాక్టర్లు అల్లోపతి మందులు రాయకూడదన్నారు. ఆసుపత్రి యాజమాన్యాలకు ఇదంతా తెలుసు. తక్కువ జీతానికి దొరుకుతారని పెట్టుకుంటారు, కేసు అయితే చేతులు దులుపుకుంటారు.

జీతాల సంగతి కూడా చెబుతాను. గుజరాత్ ప్రభుత్వ ఆయుర్వేద డాక్టర్లు ఎంబీబీఎస్‌లతో సమాన వేతనం అడిగితే, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. ఎమర్జెన్సీ కేసులు, పెద్ద ఆపరేషన్లు, పోస్ట్‌మార్టం ఇవన్నీ ఎంబీబీఎస్‌లే చేస్తారు, రెండు పనులూ సమానం కావన్నది కారణం.

మియాపూర్_బాబాయ్
అంటే డిగ్రీ ఉత్తదేనా?

కోర్టు_మెట్లు
ఉత్తది ఎందుకవుతుంది? చట్టపరంగా గట్టి డిగ్రీ. 2020లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది, భారతీయ వైద్య పద్ధతులకు ఒక కమిషన్, హోమియోకు ఒక కమిషన్. మీ పద్ధతిలో మీరు రిజిస్టర్ చేయించుకుని దర్జాగా ప్రాక్టీస్ చేయొచ్చు. గొడవంతా ఆ గీత దాటినప్పుడే.

పల్లె_దవాఖాన
నేను బీఏఎంఎస్, పల్లె దవాఖానలో పనిచేస్తున్న. ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వాళ్ళకు నెలకు 40 వేలు అని తీసుకున్నరు, కాంట్రాక్టే. పొద్దున బీపీ, షుగర్ చూసుడు, గర్భిణులను పెద్దాసుపత్రికి పంపుడు, టీకాలు. ఊర్లో ముసలోళ్ళు "బిడ్డా" అని పిలుస్తరు. అది ఏ జీతంల రాదు. కానీ చరకం, అదే మా ఆయుర్వేద మూల గ్రంథం, చదివింది ఇక్కడ ఎంత వాడుతున్న అంటే, తక్కువే. పిల్లల స్క్రీనింగ్ బండ్లు తిరుగుతయి కదా, ఆర్‌బీఎస్‌కే, వాటిల్ల కూడా మా ఆయుష్ వాళ్ళే. బళ్ళకు, అంగన్‌వాడీలకు పోయి పిల్లల కండ్లు, పండ్లు, గుండె చప్పుడు చూస్తరు. అది మంచి పని.

హైటెక్_కోడర్
మా బీహెచ్‌ఎంఎస్ బ్యాచ్‌లో సగం మంది ఇప్పుడు మెడికల్ కోడింగ్ (జబ్బులకు, చికిత్సలకు బిల్లుల కోసం కోడ్ నంబర్లు వేయడం), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలు నమోదు చేయడం), ఇన్సూరెన్స్ క్లెయిముల్లోనే ఉన్నాం. అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ చదివాం కాబట్టి తీసుకుంటారు. జీతం బాగానే ఉంటుంది, ఇంటికి టైముకు వస్తాను. కానీ మా అమ్మ ఇప్పటికీ నా పాత స్టెతస్కోప్ తుడిచి అల్మారాలో పెడుతుంది. ఈ ఉద్యోగానికి ఐదున్నరేళ్ళు అక్కర్లేదు, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివిన పిల్ల నా పక్క సీట్లోనే కూర్చుంటుంది.

జనరల్_ఫిజీషియన్
నేను ఎంబీబీఎస్, ఎం.డి. కొంచెం పుల్లవిరుపుగా అనిపించొచ్చు, క్షమించండి.

పోయిన ఏడాది నలభై ఏళ్ళ మనిషి కడుపునొప్పితో వచ్చాడు. స్కానింగ్ బాగుంది, ఎండోస్కోపీ బాగుంది. రక్తం తక్కువ, చిగుళ్ళ మీద సన్నని నీలి గీత. అది చూడగానే అనుమానం వచ్చి రక్తంలో సీసం పరీక్ష చేయించాను, చాలా ఎక్కువ వచ్చింది. ఇంట్లో ఏం వాడుతున్నారని ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి వాళ్ళావిడ చీర కొంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం చూపించింది. షుగర్‌కని ఎవరో ఇచ్చిన భస్మం. పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు. ఏడు నెలలుగా తేనెలో కలిపి పెడుతోందట.

డిగ్రీల సంగతికొస్తే, బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు హోమియోపతిలో బీఎస్సీ ఇచ్చేవి. 2007లో లండన్ ఫార్మకాలజీ ప్రొఫెసర్ డేవిడ్ కల్హూన్, సైన్స్ లేని వాటికి సైన్స్ డిగ్రీ ఎలా ఇస్తారని నేచర్ పత్రికలో గట్టిగా నిలదీశారు. మరుసటి ఏడాదే సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీ కొత్త అడ్మిషన్లు ఆపేసింది. అక్కడ ఆ ప్రశ్న అడగగలిగారు. ఇక్కడ అడిగితే మన సంస్కృతిని అవమానించినట్టు చూస్తారు.

శల్యం_చదివినవాడు
డాక్టర్ గారూ, మీ పేషెంటుకు ఆ పొట్లం ఇచ్చింది డిగ్రీ ఉన్నవాడు అయ్యుండడు. రసశాస్త్రంలో, అంటే లోహాలతో మందులు చేసే పాఠంలో, మాకు లోహాన్ని శుద్ధి చేయడం, పుటం పెట్టి కాల్చడం, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరికి అసలు ఇవ్వకూడదు అన్నీ చెబుతారు. డిగ్రీ ఎందుకు కావాలంటే అందుకే.

జనరల్_ఫిజీషియన్
ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. అవి పొట్లాలు కావు, లేబుల్ అంటించి దక్షిణాసియా నుంచి వెళ్ళిన డబ్బాలు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తెగ తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా డాక్టర్లు రాశారు. "మూలికే కదా, ఏం కాదులే" అనే మాట మీ వాళ్ళ నోట కూడా విన్నాను.

శల్యం_చదివినవాడు
ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు. నాకూ కోపం వస్తుంది. మందు పనిచేస్తే దుష్ఫలితం కూడా ఉండే అవకాశం ఉంటుందని మా ప్రొఫెసర్ గారు మొదటి క్లాసులోనే చెప్పారు.

ఆధారం లేదంటున్నారు కాబట్టి నేను చేసే పని గురించి చెప్పనివ్వండి. క్షారసూత్రం. ఫిస్టులాకు, అంటే మలద్వారం పక్కన చీము కారే సన్నని దారి పడితే వాడతాం. నార దారం తీసుకుని చట్రానికి బిగించి కడతాం. ముందు ఆకుజెముడు పాలు పూసి ఆరబెట్టడం, అలా పదకొండు పూతలు. తర్వాత ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం కలిపి ఏడు పూతలు. చివరగా ఆ జెముడు పాలు, పసుపు కలిపి మూడు పూతలు. మొత్తం ఇరవై ఒకటి. ప్రతి పూతా ఆరాకే తర్వాతిది, కాబట్టి ఒక్క బ్యాచ్‌కు వారాలు పడుతుంది. పీజీ మొదటి సంవత్సరమంతా నా వేళ్ళు పసుపు రంగులోనే ఉండేవి. జెముడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో మా సీనియర్ చూపించి భయపెట్టాడు, అప్పటి నుంచి కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోలేదు. ఆ దారాన్ని ఫిస్టులా దారిలోంచి ఎక్కించి ముడి వేస్తాం, వారానికొకసారి మారుస్తాం. అది మెల్లగా కోసుకుంటూ, వెనక నుంచి మానుకుంటూ వస్తుంది. బెనారస్ హిందూ యూనివర్సిటీలో దీన్ని మళ్ళీ బయటికి తెచ్చారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు కొన్ని ఆసుపత్రుల్లో మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసి 1991లో ఫలితాలు వేశారు. మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది, కానీ తిరగబెట్టడం తక్కువ అని తేలింది. ఇది నా డిగ్రీ నాకు ఇచ్చింది. దీనికి నేను ఎవరి ముందూ తల దించుకోను.

జనరల్_ఫిజీషియన్
క్షారసూత్రం మీద నాకు తగాదా లేదు, నేనే ఇద్దరిని పంపాను. పోల్చి చూశారు, నిలబడింది. సర్పగంధ మూలిక కూడా అంతే కదా, 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం వకీల్ బీపీ పేషెంట్ల మీద చూసి బ్రిటిష్ పత్రికలో రాశాకే ప్రపంచం వాడింది. మిగతావాటికి కూడా ఆ పని చేయమంటున్నాను. కాలేజీల్లో పిల్లలకు ప్రశ్నించడం నేర్పండి, ఆ డిగ్రీకి నేను ముందుగా దండం పెడతాను.

శల్యం_చదివినవాడు
ఈ మాటకు నేనూ మీతోనే.

చార్మినార్_గల్లీ
యునానీ గురించి ఎవరూ మాట్లాడలేదు భాయ్. మాది చార్మినార్ దగ్గర, నిజామియా టిబ్బీ కాలేజీ పక్క గల్లీ. మా అక్కకు ముఖం మీద బొల్లి వచ్చింది. ఎర్రగడ్డ యునానీ పరిశోధన సంస్థకు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ మొదటిరోజే "నెలలు పడుతుంది, అందరికీ రంగు తిరిగి రాదు, ముందు ఫొటో తీసిపెడదాం" అంది. నాకు నచ్చింది అదే. అంతకుముందు ఒక క్లినిక్‌లో ప్యాకేజీ పేరుతో ముందే డబ్బు కట్టించుకుని "గ్యారంటీ" అన్నారు. అక్కకు బుగ్గ మీద సగం పైగా రంగు వచ్చింది, చేతి మీద రాలేదు. గ్యారంటీ అన్నవాడు డాక్టరేనా అని అప్పుడు అనుమానం వచ్చింది.

తార్నాక_తమ్ముడు
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా మేనమామ ఆన్‌లైన్‌లో ఆరు నెలల్లో "ఆల్టర్నేటివ్ మెడిసిన్ ఎం.డి." తీసుకున్నాడు. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాడు, ఎలక్ట్రో హోమియోపతి క్లినిక్ తెరుస్తాడట. ఇదీ డిగ్రీయేనా?

కోర్టు_మెట్లు
కాదు. వెంటనే ఆపించండి. 2003 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఉంది. గుర్తింపు లేని పద్ధతుల్లో డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వకూడదు, గుర్తింపు ఉన్న పద్ధతుల వాళ్ళే డాక్టర్ అని రాసుకోవాలి. ఎలక్ట్రో హోమియోపతికి ఆ గుర్తింపు ఇవ్వలేదు. పైగా 1956 యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం యూనివర్సిటీలకే. మామయ్యను ఎవరో మోసం చేశారు, ఆయన ఇంకొకరిని మోసం చేసినట్టు కాకముందే చెప్పండి.

తార్నాక_తమ్ముడు
చెప్తా అన్నా. ఆదివారం భోజనానికి వస్తున్నాడు, తిన్నాకే చెప్తా.

రామంతాపూర్_పిన్ని
నాయనా, పెరుగన్నం దాకా ఆగు. మధ్యలో చెబితే లేచిపోతాడు.

శల్యం_చదివినవాడు
కూకట్‌పల్లి_అమ్మ గారూ, ఇంతమంది ఇన్ని చెప్పారు. ఇక నేను చెప్పేది ఇదే: డిగ్రీ విలువ కాలేజీ ఓపీలో ఉంటుంది. చేర్చే ముందు పాపను తీసుకుని వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళండి, పొద్దున పదింటికి, సోమవారమో బుధవారమో. ఓపీలో ఎంతమంది కూర్చున్నారో చూడండి. వార్డులో దుప్పట్లు మడత విప్పారా లేదా చూడండి. పంచకర్మ గదిలో నూనె వాసన రావాలి, నేల జిడ్డుగా ఉండాలి. ఫార్మసీలో మందు తీసుకుంటున్న ఇద్దరిని ఎన్నిసార్లు వచ్చారో అడగండి. నేను బీఏఎంఎస్ చేసేటప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో చదివే స్నేహితుణ్ణి చూడటానికి వెళ్ళాను. మర్నాడు తనిఖీ. ఇంటర్న్‌లు వరండాలో కూర్చుని ఓపీ రిజిస్టర్ నింపుతున్నారు. అందరి పేర్లూ ఒకే చేతిరాత, ఒకే సిరా. వాడు నన్ను కూడా ఒక పేరు చెప్పమన్నాడు. వాడు ఇప్పుడు హెయిర్ క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తున్నాడు. తెలివైనవాడు, చేతికి రోగి దొరకలేదు.

హాజరు అక్కర్లేదన్న కన్సల్టెంట్ నంబర్ బ్లాక్ చేయండి.

కూకట్‌పల్లి_అమ్మ
నాలుగు రోజులు రాయలేకపోయాను, తిరుగుతున్నాం. అందరికీ రుణపడ్డాను.

మొదట ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్ళాం, పేరు వద్దు. వంద పడకల బోర్డు ఉంది. వార్డులో ఒక్కరూ లేరు. శల్యం గారు చెప్పినట్టే పాప దుప్పటి అంచు ఎత్తి చూసింది, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. వాచ్‌మన్ వచ్చి "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. పాప "పేషెంట్లు" అంది. ఆయన సమాధానం చెప్పలేదు.

మర్నాడు మెట్రో ఎక్కి ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్ళాం. భవనం పాతది, కుర్చీలు చాలక జనం నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళే ఎక్కువ. పాప ఒక ఇంటర్న్ అమ్మాయితో మాటల్లో పడింది, గంటన్నర దాకా నా దగ్గరికి రాలేదు. ఆ అమ్మాయి దాచుకోకుండా చెప్పిందట. సంస్కృతం మొదట్లో కష్టం, పీజీ చేయకపోతే ఇబ్బంది, పీజీకి మళ్ళీ ఎంట్రన్స్, రాత్రి డ్యూటీల వైపు వెళ్ళొద్దు అని. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పాప అంది: "అమ్మా, ప్రభుత్వ కాలేజీలో బీఏఎంఎస్ వస్తే చేరతా. రాకపోతే ప్రైవేటు వద్దు, బీఎస్సీ నర్సింగ్ పెడతా. రాత్రి లాసిక్స్ ఇచ్చింది నర్సే కదా." ఈ చర్చ మొత్తం నాకంటే ముందే చదివేసింది.

హోమియో ఆప్షన్ పెట్టడం లేదు. పిన్ని గారు ఏమీ అనుకోవద్దు, మోల్ కాన్సెప్ట్ పాపకు ఇష్టమైన చాప్టర్.

రామంతాపూర్_పిన్ని
ఏమీ అనుకోను తల్లీ. పిల్ల తన కళ్ళతో చూసి తేల్చుకుంది, అంతకంటే ఏం కావాలి?

రాత్రి_డ్యూటీ
ఆ నర్సక్కకు ఈ మాట ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కూకట్‌పల్లి_అమ్మ
ఒక చిన్న సందేహం. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు స్టడీ సర్టిఫికెట్లు తొమ్మిది నుంచి ఉంటే చాలా, ఆరు నుంచి కావాలా? ఏడో తరగతి స్కూలు మూసేశారు.

పల్లె_దవాఖాన
ఆరు నుంచి తీసి పెట్టుకోండక్కా, అడిగితే చేతిల ఉంటయి. మూసేసిన బడి రికార్డులు ఎక్కడున్నయో మండల విద్యాధికారి ఆఫీసుల అడగండి. పొద్దుగాలనే పోండి, మధ్యాహ్నం అయితే సీట్ల ఎవ్వరు దొరకరు.